అదే పేరున్న ఇంకొకడు

హాంబర్గ్‌లో మా పేట పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఉండగా, రిసెప్షన్ అమ్మాయి తలుపు తీసి నా ఇంటిపేరు పిలిచింది. నేను లేచాను. నాకు ఎదురుగా కూర్చున్న, గోధుమరంగు జుట్టున్న ఆవిడ కూడా లేచింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. ఆ అమ్మాయి కాస్త తికమకపడి, పుట్టినతేదీ చదివింది. అది ఆవిడది. నేను మళ్ళీ కూర్చున్నాను.

నా పని ముగించుకుని కిందికి దిగేసరికి ఆవిడ ఇంకా మెట్ల దగ్గరే ఉంది. దవడ మొద్దుబారి ఉండడంతో మాట తడబడుతోంది. "నీకా పేరెలా వచ్చింది?" అని ఇంగ్లిష్‌లో అడిగింది. ఈ దేశంలో నా పేరు చదివి నా ముఖం చూసినవాళ్ళు, పెళ్ళివల్ల వచ్చిందా అనే అడుగుతారు. ఈవిడ అలా అడగలేదు.

"మా నాన్నది," అన్నాను. "మా మూలపురుషుడొకాయన ఐర్లాండువాడు. గుర్రాలతో ఆస్ట్రేలియా నుంచి మద్రాసు వచ్చాడు."

ఆవిడ నవ్వబోయింది. పెదవి ఒక పక్కే కదిలింది. "నేను ఆస్ట్రేలియాలో పుట్టాను. మాదీ ఐర్లాండే. పద, కాఫీ తాగుదాం. నేను స్ట్రా పెట్టుకుని తాగుతాను."

అలా మొదలైంది.

మాది విశాఖపట్నం. అక్కడ మా ఇంటిపేరు అటు తెలుగూ కాదు, ఇటు ఇంగ్లిషూ కాదు. తరతరాలుగా నోళ్ళలో నలిగి, స్పెల్లింగు మాత్రమే మిగిలిన ఐరిష్ పేరు. బడిలో హాజరు పిలిచేటప్పుడు మాస్టార్లు దాన్ని ఇష్టమొచ్చినట్టు విరిచేవారు. ఇంట్లో చెప్పుకునే కథ చిన్నదే. సైన్యం కోసం ఆస్ట్రేలియా నుంచి మద్రాసుకు ఓడల్లో గుర్రాలను తెచ్చేవారట. వాటిని చూసుకుంటూ వచ్చిన ఐరిష్ మనిషి తిరిగి వెళ్ళలేదు. విజయనగరం వైపు ఒక జమీందారు గుర్రపుశాలలో కుదిరి, ఒక తెలుగు పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. ఆయన మా నాన్నకు ముత్తాత తండ్రి. తరం మారేకొద్దీ రంగు మారింది, భాష మారింది, మతం మాత్రం ఆయనదే నిలిచింది. కళ్ళు అప్పుడప్పుడూ తరం దాటి బయటపడతాయి. మా నాన్నవి పిల్లికళ్ళు. మా అమ్మాయివీ అంతే. నావి మామూలు కళ్ళు.

నాన్న పోర్టులో క్రేన్ నడిపేవాడు. అక్కడ ఆయన్ని 'దొరా' అని పిలిచేవారు. సరదాగా ఉన్నంతసేపూ అది ముద్దుపేరే. మాటామాటా పెరిగితే మాత్రం, "ఏ దొరకి పుట్టావో అడిగి రారా" అనేవారు. నాన్న ఎవరితోనూ దెబ్బలాడలేదు. ఇంటికొచ్చి ముఖం కడుక్కుని, చాలాసేపు కొళాయి కట్టకుండా అలాగే నిలబడేవాడు. చిన్నప్పుడు గుమ్మంలోంచి చూసేదాన్ని. ఆయనకు ఒక ఊరి పేరు, ఒక తల్లి పేరు తెచ్చి ఇవ్వాలని అప్పటినుంచే అనిపించేది. ఇదిగో, మనం ఎక్కడినుంచో ఊడిపడలేదు, వీళ్ళ బిడ్డలం అని చెప్పాలనిపించేది.

కొత్త స్నేహితురాలికి ఈ పని కొట్టిన పిండి. ఆవిడ జర్మన్‌ను పెళ్ళాడినా పుట్టింటి పేరే ఉంచుకుని ఇక్కడే స్థిరపడింది, పెద్దవాళ్ళకు ఇంగ్లిష్ నేర్పేది. తీరిక దొరికితే వంశవృక్షాలు గీస్తూ కూర్చునేది. తెలిసినవాళ్ళకు ఎందరికో వాళ్ళ ముత్తాతల్ని వెతికిపెట్టింది. "ఆస్ట్రేలియా వైపు నేను చూస్తాను, మద్రాసు వైపు నువ్వు చూడు," అంది. శనివారాలు వాళ్ళ వంటింట్లో అయినా, మా వంటింట్లో అయినా కూర్చునేవాళ్ళం. నాకంటే కొన్నేళ్ళు పెద్దది. మొదట్లో పేరుతోనే పిలిచేదాన్ని. ఒకసారి పులిహోర తింటూ, మీ భాషలో నన్నేమనాలి అని అడిగితే 'అక్క' అని నేర్పాను. ఆ మాట ఆవిడకు నచ్చింది. ఫోన్లో కూడా, "అక్క మాట్లాడుతున్నాను," అనేది.

మా ఆయనది హైదరాబాదు. మా శనివారాలు చూసి నవ్వేవాడు. "వారం వారం గీ సచ్చినోళ్ళ ఎంబడి తిరుగుడేందే? బతికున్నోళ్ళకు ఒక ఫోన్ గొట్టరాదు," అనేవాడు. అంటూనే మాకిద్దరికీ టీ పెట్టి ఇచ్చేవాడు.

చిక్కంతా ఆ పేరుతోనే. ఐర్లాండులో ఆ పేరు మా వైపు అప్పారావు లాంటిది. ఇంటికొకడుంటాడు. ఆస్ట్రేలియాకు ఖైదీలుగా ఓడెక్కినవాళ్ళలోనూ ఉన్నారు, టికెట్టు కొనుక్కుని భూములకోసం వెళ్ళినవాళ్ళలోనూ ఉన్నారు. అక్క ఒక్కొక్కరినే తీసేసుకుంటూ వచ్చింది. ఒకడు వయసు సరిపడలేదని, ఇంకొకడు ఐర్లాండుకే తిరిగి వెళ్ళిపోయాడని. చివరికి ముగ్గురు మిగిలారు.

మొదటివాడు ఖైదీ కాదు. భార్యతో సహా వచ్చి, గొర్రెలు పెంచుకుని, ముసలితనంలో సొంత మంచం మీద పోయాడు. రెండోవాడు అక్క వాళ్ళ మూలపురుషుడు. బట్టల దొంగతనానికి శిక్షపడి, అది తీరాక నది ఒడ్డున భూమి సంపాదించి, పెళ్ళాడి, నలుగురు పిల్లల్ని కన్నాడు. వరదలో గుర్రాలను నది దాటిస్తూ మునిగిపోయాడు. అక్కడ ఆయన పేరుమీద ఒక రాయి కూడా ఉంది. మూడోవాడు భూస్వామి గడ్డివామి తగలబెట్టి ఖైదీ అయిన కుర్రవాడు. పెళ్ళి కాలేదు. గుర్రపుశాలలో పని. తర్వాత ఏమయ్యాడో జాడ లేదని అక్క చెప్పింది.

"మొదటివాడు ఊరు కదల్లేదు. మావాడు నదిలో పోయాడు. మిగిలింది ఇతనే," అంది. "నీవాడు దొరికాడు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నా భుజం చుట్టూ చెయ్యి వేసింది. డీఎన్ఏ పరీక్ష కూడా చేయిద్దామా అన్నాను. "అన్ని తరాలు వెనక్కి అది ఏమీ తేల్చదు, ఉన్నది పాడుచేసుకోకు," అంది. ఆవిడకు తెలిసినంత నాకు తెలియదు కదా అని ఊరుకున్నాను.

ఆ కుర్రవాడి ఊరి పేరు, తల్లి పేరు నాన్నకు వీడియోకాల్‌లో చెప్పాను. తల్లి పేరు రెండుసార్లు పలికించుకున్నాడు. గడ్డివామి సంగతి విని, "మనోడికి కోపం ఎక్కువేనన్నమాట," అని ముచ్చటపడ్డాడు. తర్వాతి ఆదివారం చర్చిలో ఆయన పేరుమీద ఆత్మశాంతికి పూజ పెట్టించాడు. చుట్టాలందర్నీ పిలిచి భోజనాలు పెట్టాడు. సాయంత్రం ఫోన్ చేసి, "ఫాదరుగారు పేరు సరిగ్గా పలికేరమ్మా, ముందే రాసిచ్చేను," అన్నాడు. ఆయన గొంతు అంత తేలిగ్గా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

ఇదంతా అక్కకు చెప్పాను. టీ కలుపుతున్న చెంచా ఆగింది. "అలా చేయించారా," అంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వాన మొదలైందంది. హాంబర్గ్‌లో వాన మొదలవడం ఒక కబురు కాదు. ఆ రోజు నాకది తట్టలేదు.

ఆ వేసవిలో ఆవిడ తండ్రి ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. ఎనభై దాటినాయన, భార్య పోయింది. భోజనానికి తీసుకురమ్మని ఎన్నిసార్లు అడిగినా ఏదో ఒక అడ్డు. ప్రయాణం బడలిక అంది. కారం పడదంది. కారం లేకుండా వండుతానంటే, డాక్టరు అపాయింట్‌మెంట్ ఉందంది. ముసలాయన కదా అని నేనూ పట్టించుకోలేదు.

ఒక బుధవారం మా అమ్మాయిని వెంటబెట్టుకుని వాళ్ళ పేటలో జరిగే సంతకు వెళ్ళాను. చేపల బండి దగ్గర ఒక పెద్దాయన, జర్మన్ రాక, వేలితో చూపిస్తూ అవస్థపడుతున్నాడు. అక్క ఫోన్లో చూపించిన ముఖమే. నేను వెళ్ళి ఆయనకు కావలసింది చెప్పి ఇప్పించాను. థాంక్స్ చెబుతూ ఆయన నన్ను కాదు, మా అమ్మాయిని చూశాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వు మద్రాసు అమ్మాయివి కదూ," అన్నాడు నాతో.

"వైజాగ్ అండి."

"మాకదంతా మద్రాసే. మా నాయనమ్మ అంటూ ఉండేది, ముసలాయన్ని మద్రాసు మింగేసిందని."

ఎవరిని అని అడిగాను. ఆయన బల్ల మీద కూర్చుని, చేప పెట్టిన బన్ను పక్కన పెట్టాడు.

"ఎవరేమిటి, మనవాణ్ణే. గుర్రాలను తోలుకుని వెళ్ళినవాణ్ణి."

"మీవాడు నదిలో కదా పోయింది."

"రాయి మీద అలా ఉంది. ఇంట్లో అలా లేదు," అన్నాడు.

నేను కూర్చోలేదు. నిలబడే విన్నాను. ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఒక్క విడత గుర్రాలను చేర్చి తిరిగొస్తానని చెప్పి ఓడెక్కాడట. ఏళ్ళు గడిచినా రాలేదు. మొగుడు వదిలేసినదంటే లోకువ, మొగుడు పోయినదంటే నలుగురూ సాయం పడతారు. అందుకని ఆ ఇల్లాలే, నది వరదలో ఉండగా, మునిగిపోయాడని చెప్పుకుంది. నలుగురు పిల్లలకూ అదే నేర్పింది. పెద్దవాడికి మాత్రం నిజం తెలుసు. ముసలివాడయ్యాక కూడా ఎవరైనా ఓడ ఊసెత్తితే గదిలోంచి లేచి వెళ్ళిపోయేవాడట. ఆ పెద్దవాడు ఈయనకు ముత్తాత.

"మా అమ్మాయి నీ సంగతి ఫోన్లో చెప్పినరోజే నేనిదంతా చెప్పాను," అన్నాడు. "మీరిద్దరూ కలిసిన కొత్తలోనే. వెళ్ళి ఆ పిల్లకు చెప్పు అన్నాను. చెప్పిందనే అనుకున్నాను."

నా ముఖం చూసి ఆగిపోయాడు. "చెప్పలేదా?"

మా అమ్మాయి నా చెయ్యి లాగి, ఈయన ఎవరు అని జర్మన్లో అడిగింది. నేను తెలుగులో, "తాతయ్య అవుతారు," అన్నాను. ఆయనకు ఆ మాట తెలియదు. అయినా తల ఊపాడు.

అక్కడినుంచి ఆయనతో కలిసి తిన్నగా వాళ్ళింటికే వెళ్ళాను. తలుపు తీసి, నా వెనక తండ్రిని చూసి, ఆవిడకు అర్థమైపోయింది. మా అమ్మాయిని ఆయన దగ్గర కూర్చోబెట్టి ఇద్దరం కింద సైకిళ్ళు పెట్టుకునే పెరట్లోకి వెళ్ళాం.

"మొదటినుంచీ నీకు తెలుసా?"

లేదనలేదు. వచ్చే ఏడాది వాళ్ళ వంశం వాళ్ళందరూ ఆ రాయి దగ్గర కలుస్తున్నారంది. వాళ్ళన్నయ్య ఎన్నో ఏళ్ళుగా దానికోసం తిరుగుతున్నాడంది. వాళ్ళ ఊళ్ళో ఆయన కథ పిల్లలకు బళ్ళో చెబుతారంది. "ఇద్దరు పెళ్ళాలు, పారిపోవడం... అన్నయ్య తట్టుకోలేడు. ఇంకా..." అని నన్ను చూసి, మాట మింగేసింది. ఆ మింగిన మాట ఏమిటో నేను అడగలేదు.

"మరి ఆ మూడోవాడు?"

"ఖైదీల ఆసుపత్రిలో పోయాడు. చిన్నవయసులోనే. గుర్రాల ఓడలు మొదలవకముందే."

"మరి వాళ్ళమ్మ పేరు నాకెందుకు చెప్పావు?"

"నువ్వు అడిగావు," అంది.

ఆ తర్వాత, ఆవిడ గొంతులో మొదటిసారి చిరాకు వినిపించింది. "అసలు నీకేం తక్కువైంది? నీకూ ఒక మనిషి దొరికాడు. మీ నాన్న ఎంత సంతోషపడ్డారో నువ్వే చెప్పావు."

"నాకు దొరకలేదు. నువ్వు తెచ్చి ఇచ్చావు," అన్నాను. పైకి వెళ్ళి మా అమ్మాయిని తీసుకుని వచ్చేశాను.

'మావాళ్ళకు చెప్పకు, మనిద్దరి మధ్యే ఉంచు' అని ఆవిడ మొదట్లోనే అని ఉంటే నేను ఒప్పుకునేదాన్ని. ఇప్పటికీ అదే అనుకుంటాను. వాళ్ళ రాయి మీద ఏముంటే నాకేం? నన్ను కోసేసింది శనివారాలు. తెలిసి తెలిసీ నా పక్కన కూర్చుని, నాతోపాటు వెతికింది. ఒక్కొక్క అప్పారావునూ తీసేస్తూ, ఇతను కాదు, అతను కాదు అంటూ, నన్ను ఎక్కడ వదలాలో ముందే అనుకున్న చోటికి చెయ్యిపట్టి నడిపించింది. నేను ఏడిస్తే భుజం మీద చెయ్యి వేసింది. వరస చూసుకుంటే ఆ ముసలాయన నాకు పెదనాన్న, ఆవిడ నాకు నిజంగానే అక్క. నేను సరదాగా పిలిచిన ప్రతిసారీ, అది నిజమని ఆవిడకు తెలుసు.

నాన్నకు చెప్పడానికి కొన్ని రోజులు పట్టింది. విన్నాక మొదట పిల్లల గురించే అడిగాడు.

"నలుగురు పిల్లలా?"

"నలుగురు."

"ఎదురుచూసుంటారు కదమ్మా పాపం."

"చూసే ఉంటారు నాన్నా."

"మనోడు మంచోడు కాడన్నమాట," అన్నాడు. తర్వాత, "ఇక్కడి ముసలమ్మకి తెలుసంటావా? అక్కడ ఒకావిడ ఉందని?" అని అడిగాడు. నాకు తెలియదు. జమీందారు ఊళ్ళో ఆయన పెళ్ళాడిన ఆ పిల్లకు బాప్తిస్మంలో పెట్టిన పేరే మాకు మిగిలింది. అంతకుముందు ఆమెను ఏమని పిలిచేవారో ఎవరికీ తెలియదు.

పూజ సంగతి నేనే ఎత్తాను. "పెట్టించేసేం కదా, ఏటి చేస్తాం," అన్నాడు. "ఆ కుర్రోడికి ఎవరూ లేరు కదా. పోన్లే, ఆడికే చెందుతాది."

ఎంత పెద్దమనసు అనుకున్నాను. మర్నాడు పొద్దున్నే ఆయనే ఫోన్ చేశాడు. ముఖం వాడి ఉంది, నిద్ర పోయినట్టు లేదు.

"మనవాళ్ళకి ఎవరికీ చెప్పకమ్మా. గడ్డివామి ఆయనే అని ఉండనీ."

"నాన్నా, అది అబద్ధం కదా."

"చర్చిలో అందరూ వచ్చి చెయ్యి కలిపేరు. ఇప్పుడెళ్ళి, కాదు, పెళ్ళాం పిల్లల్ని వదిలేసొచ్చినోడి బిడ్డలమని చెప్పమంటావా? నాకింక ఓపిక లేదు."

సరేనన్నాను. ఆవిడ అడగకుండా నా చేత మోయించిన మాటనే నాన్న అడిగి మోయిస్తున్నాడు. నాన్న మీద కోపం రాలేదు. ఆవిడ మీద కోపం తగ్గనూ లేదు.

ముసలాయన ఆస్ట్రేలియా వెళ్ళేముందు నా నంబరు తీసుకున్నాడు. అప్పుడప్పుడూ వీడియోకాల్ చేసేవాడు. మా అమ్మాయిని పిలవమని, ఆ కళ్ళు కాసేపు చూసుకునేవాడు. "రాయి దగ్గర నేనే మాట్లాడాలి, నేనే పెద్దవాణ్ణి. అక్కడ చెప్తాను," అన్నాడు. "ఈ వయసులో నన్నెవడు ఆపుతాడు? మద్రాసులో మనవాళ్ళున్నారని అందరి ముందూ చెప్తాను." ఆయన చెప్పమని నేను అడగలేదు. చెప్తానన్నాక మాత్రం, ఆ రోజుకోసం చూడకుండా ఉండలేకపోయాను.

మరుసటి ఏడాది ఆ రాయి దగ్గరి పండక్కి అక్క వెళ్ళింది. వాళ్ళు దాన్ని నెట్లో లైవ్ పెట్టారు. మాకు తెల్లవారే వేళ. మా ఆయన లేచి టీ పెట్టాడు. ముగ్గురం సోఫాలో కూర్చుని చూశాం. నది, పచ్చిక, మడత కుర్చీలు, టోపీలు, ముందు వరసలో చిన్నపిల్లలు. ముసలాయన్ని చెరోవైపు పట్టుకుని మైకు దగ్గరికి తెచ్చారు. ఆయన వరద గురించి చెప్పాడు. నీళ్ళు ఎంత ఎత్తు లేచాయో చెప్పాడు. ఆఖరి గుర్రాన్ని ఒడ్డుకు తోసి ఆ మనిషి మునిగిపోయాడని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. అక్క ఆయనను నడిపించుకుంటూ వెనక్కి తీసుకెళ్ళింది.

"చెప్తడనుకున్నవా?" అన్నాడు మా ఆయన.

"చెప్తానన్నాడు."

"గంత మంది ముందట ఎట్ల చెప్తడే. మనవలు గూడ ఉన్నరాయె."

మా అమ్మాయి తెరవైపు చూస్తూ, "అమ్మా, ఎర్ హాట్ గెలోగెన్," అంది. జర్మన్లో, అబద్ధం చెప్పాడు అని. పిల్లకు అది తప్పుగా తోచింది, అంతే. బడికి టైమైందన్నాను.

వారం తర్వాత ముసలాయన ఫోన్ చేశాడు. "నోరు రాలేదమ్మా," అన్నాడు. "చెబుదామనే లేచాను. పిల్లలు నా ముఖంలోకే చూస్తున్నారు." పర్వాలేదన్నాను. ఆయన ఆ తర్వాత కూడా మాట్లాడడం మానలేదు. నేనూ మానలేదు. ఆయనతో మాట్లాడుతున్నంతసేపూ ఆయన నన్ను కాదన్న ఆ ఉదయం మా మధ్య ఉండేది. అయినా, నేనెవరో తెలిసి నన్ను తన మనిషిగా చూసినవాడు ఆ వైపు ఆయనొక్కడే.

అక్కను మళ్ళీ చూసింది చలికాలంలో, ఎస్-బాన్ లోకల్ రైలు ప్లాట్‌ఫారం మీద. గాలికి తల వంచుకుని నిలబడి ఉంది. తప్పుకుందామనుకునేలోపే నన్ను చూసింది. దగ్గరికొచ్చింది. నేనూ, పాపా ఎలా ఉన్నామని అడిగింది. బాగున్నామన్నాను. ఇద్దరం రైళ్ళ టైముల బోర్డు వైపు చూశాం.

"నాన్నకు నువ్వంటే ఇష్టం. ఆ రోజు సంతలో ఒక్కసారే చూసినా గుర్తు పెట్టుకున్నారు," అంది. ఆ మాట నాకొక బహుమతిలా ఇస్తున్నట్టు అంది.

"వారానికోసారి మాట్లాడుకుంటాం," అన్నాను. "ఆయన నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ఆవిడ ముఖం చూస్తే తెలిసింది. మెడచుట్టూ స్కార్ఫ్ సర్దుకుంది. ఆ క్షణంలో ఆవిడకు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. తెలిసినందుకు సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు.

రైలు వచ్చింది. నేను ఎక్కాను. ఆవిడ ఎక్కలేదు.